బల్లార్షా సురూపాల దుకాణం: బొమ్మ చూసి కొనండి, కాగితం చదివి కొనండి

బల్లార్షా, రాజురా, చంద్రపూర్ వైపు తెలుగు కతోలిక కుటుంబాలు జపమాల కావాలన్నా, కొత్తింటికి సిలువ కావాలన్నా, విచారణ (పారిష్) గుడికి పునీతుల (సెయింట్ల) బొమ్మ, అంటే సురూపం, చేయించాలన్నా వెళ్లే దుకాణం గురించి ఇది. పేరు రాయడం లేదు. ఇందులో చెప్పే లోపాల్లో సగం దుకాణం వాళ్లవి కావు, సరుకు అచ్చయ్యే చోటివి. ఇలాంటి సరుకు అమ్మే వేరే దుకాణానికి వెళ్లినా చూడాల్సినవి ఇవే.

సురూపాలకు ఐదులో నాలుగు ఇస్తాం. పతకాలకు మూడు. సురూపంతో పాటు చేతిలో పెట్టే పునీతుల చరిత్ర కాగితాలకు, తొమ్మిది రోజుల ప్రార్థనలుండే నవదిన పుస్తకాలకు రెండుకు మించి ఇవ్వలేం. ఎక్కువగా చెప్పాల్సింది ఆ కాగితాల గురించే.

ముందు పునీత బార్బరా. బొగ్గుబాయిలో పనిచేసే ఇళ్లవాళ్లు అడిగి కొనే సురూపం ఇది. పన్నెండు అంగుళాల ప్లాస్టర్ బొమ్మ, రెండడుగుల ఫైబర్ బొమ్మ దొరుకుతాయి. చేతిలో ఖర్జూరపు మట్ట, పక్కన బురుజు, కొన్నింటిలో కత్తి, పాత్ర ఉంటాయి. ముఖం చక్కగా తీర్చారు, రంగులు గాఢంగా ఉన్నాయి. కానీ బురుజుకు రెండే కిటికీలు. ఇది చిన్న తప్పు కాదు. బార్బరా కథ మొత్తం ఆ మూడో కిటికీ మీదే నిలబడి ఉంది. తండ్రి దియోస్కోరస్ ఆమెను బురుజులో ఉంచుతాడు. ఆమె పనివాళ్లతో రెండు కిటికీల చోట మూడు పెట్టిస్తుంది. ఎందుకని తండ్రి అడిగితే పిత, పుత్ర, పవిత్రాత్మ అని చెబుతుంది. విశ్వాసం బయటపడేది అక్కడే. చివరికి తండ్రే ఆమె తల నరుకుతాడు, వెంటనే పిడుగు పడి కాలిపోతాడు. ఆ పిడుగు నుంచే ఆమె ఉరుములకు, తర్వాత తుపాకిమందుకు, ఆ తర్వాత మందుపెట్టి రాయి పేల్చే గనివాళ్లకు, సొరంగాలు తొలిచేవాళ్లకు పాలక పునీతురాలయింది. అచ్చులో రెండు కిటికీలు చెక్కిన మనిషికి కథ తెలియదన్నమాట. కథ తెలియకుండా చేసిన సురూపం అందమైన ఆడమనిషి బొమ్మగానే మిగులుతుంది.

ఇప్పుడు వెంట ఇచ్చే కాగితం. అందులో ఈ కథంతా పోలీసు పంచనామాలా రాశారు. ఏ ఊరు, ఏ చక్రవర్తి, ఏ రోజు, అన్నీ ఖాయంగా. నిజానికి పాత వృత్తాంతాలు ఒకదానితో ఒకటి కలవవు. ఒకటి నికోమీదియా అంటే ఇంకొకటి హెలియోపోలిస్ అంటుంది, మరొకటి టస్కనీ, వేరొకటి రోము. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన తొలి వేదసాక్షుల జాబితాల్లో ఆమె పేరే లేదు. అందుకే 1969లో ఆరవ పౌలు పోపుగారు సవరించిన రోమా పంచాంగంలో నుంచి డిసెంబర్ 4 నాటి ఆమె పండుగను తీసేశారు. పునీతురాలు కాదని ఎవరూ అనలేదు. శ్రీసభ (కతోలిక సంఘం) మొత్తం తప్పనిసరిగా జరుపుకునే పండుగల వరసలో మాత్రం ఉంచలేదు. ఇక్కడి చాందా పీఠం, అంటే మేత్రాసనం (బిషపుగారి పరిధి), కేరళ మూలాలున్న సీరో మలబారు సంప్రదాయానిది, దాని పంచాంగం వేరు. వరంగల్, ఖమ్మం మేత్రాసనాల్లోని చుట్టాలు రోమా పంచాంగం పాటించే లతీను సంప్రదాయం వాళ్లు. అందుకే పెళ్లిళ్లలో కలిసినప్పుడు "బార్బరమ్మను తీసేశారట కదా" అన్న మాట వచ్చి వాదన పడుతుంది. కాగితంలో రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ వాదన ఉండేది కాదు.

మరి కథ అక్షరాలా జరగకపోతే బాయికి పోయే మనిషి ఇంట్లో నుంచి ఆ సురూపం తీసేయాలా? అక్కర్లేదు. లెజెండ్ అన్న మాట లతీను నుంచి వచ్చింది. దాని అర్థం "చదవవలసినది" అని. పునీతుల పండుగ రోజున గుడిలో, మఠంలో బయటికి చదివి వినిపించే పాఠం అది. కల్పన అన్న అర్థం తర్వాత అంటుకుంది. నది అవతల మేడారం జాతరకు పోయేవాళ్లు సమ్మక్క చిలకలగుట్ట మీద మాయమైందని, అక్కడ కుంకుమభరిణె దొరికిందని చెప్పుకుంటారు. ఆ మాట వినేవాళ్లు భరిణె తూకం అడగరు. అన్యాయానికి ఎదురునిలిచిన ఆడబిడ్డ తమను విడిచిపోలేదన్నది వాళ్లకు అందుతుంది. బార్బరా కథ కూడా అలాగే పనిచేస్తుంది. పేలుడులో, కప్పు కూలినప్పుడు, గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేసుకునే వ్యవధి లేకుండా ప్రాణం పోతుందేమోనన్న భయం బాయివాళ్లది. ఆ భయం నిజం. కథ ఆ భయానికి ప్రార్థన చేసుకునే దారి చూపించింది.

అయితే మా పట్టు ఒకటుంది. కథ అక్షరసత్యం కాకపోయినా ఫరవాలేదు, కథ మీద అంటించే చీటీ మాత్రం సత్యం కావాలి. "సంప్రదాయం చెప్పే ప్రకారం" అన్న మాట చాలు. ఇది మేం కల్పించిన నియమం కాదు. రెండవ వతికాను మహాసభ దైవార్చన చట్టం, 92వ సంఖ్యలో, వేదసాక్షుల వృత్తాంతాలు, పునీతుల చరిత్రలు చారిత్రక సత్యానికి అనుగుణంగా ఉండాలని చెప్పింది. ఆ చట్టం వెలువడింది 1963 డిసెంబర్ 4న, బార్బరా పండుగ నాడే. ఈ పని ఆధునికులు మొదలుపెట్టిందీ కాదు. బొలాండిస్టులనే యేసుసభ (జెస్యూట్) గురువులు పునీతుల చరిత్రలను రాతప్రతులతో పోల్చి, జల్లెడపట్టి, మొదటి రెండు సంపుటాలు అచ్చువేసింది 1643లో. వాళ్లు విశ్వాసానికి విరోధులు కారు. విశ్వాసం ఉన్నవాళ్లు కనుకే చెత్త ఏరారు.

బండివాళ్లు కొనే క్రిస్తోఫర్ సంగతి దీనికి తోబుట్టువు. ఒడ్డుపొడవు మనిషి ఒక పిల్లవాణ్ని భుజాన మోసి నది దాటిస్తుంటే, నడిమధ్యలో ఆ బరువు లోకమంత అవుతుంది. ఆ పిల్లవాడే క్రీస్తు. పేరుకు అర్థం "క్రీస్తును మోసేవాడు" అనే. పేరులో నుంచే కథ పెరిగిందని చరిత్రకారుల మాట, అది నమ్మదగినదే. ఎదుటివాణ్ని మోయడం అంటే క్రీస్తును మోయడమన్న ఆ కథ సువార్తకు ఎక్కడా అడ్డం రాదు. దాన్ని కొనండి. కానీ ఇక్కడ అమ్మే డాష్‌బోర్డు స్టిక్కరు మీద "ఇది ఉన్న బండికి ప్రమాదం జరగదు" అని అచ్చు ఉంది. పాతకాలంలో యూరపు గుళ్ల గోడల మీద క్రిస్తోఫర్‌ను తలుపుకు ఎదురుగా అంత పెద్దగా రాసింది కూడా, ఆయన్ని చూసిన రోజు దుర్మరణం రాదన్న నమ్మకంతోనే. కథను కథగా చెప్పడంలో అబద్ధం లేదు. పూచీకత్తుగా అమ్మడంలో ఉంది. ఆ స్టిక్కరు వద్దు. లోహపు పతకం తీసుకోండి, దాని మీద ప్రార్థన ఒక్కటే ఉంది. వెనక ఇచ్చిన రెండువైపుల టేపు ఇక్కడి ఎండకు మే నెలలో ఊడిపోతుంది. డాష్‌బోర్డును ముందు స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మంచి రకం ఫోం టేపు వేసి, ఒక నిమిషం నొక్కి, రాత్రంతా కదపకుండా వదలండి. అద్దం పక్కన అంటించొద్దు.

పునీత జార్జిగారు బల్లెంతో పొడిచే రెక్కల సర్పం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మనిషి పాలస్తీనాలోని లిద్దాలో పూజలందుకున్న వేదసాక్షి, సర్పం ఆయనకు కొన్ని వందల ఏళ్ల తర్వాత తోడైంది. సురూపంలో బల్లెం విడిగా వస్తుంది. అది గుర్రం మెడకు తగలకుండా కూర్చుంటుందో లేదో దుకాణంలోనే పెట్టి చూడండి.

క్రీస్తు శిష్యుడు తోమాగారి బొమ్మ మాత్రం మనసారా మెచ్చుకోవాలి. చాలాచోట్ల చేతిలో ఈటె ఒక్కటే ఉంటుంది, ఇక్కడ మేస్త్రీల మూలమట్టం కూడా చెక్కారు. మూడో శతాబ్దపు "తోమా చర్యలు" కథలో గొండోఫరస్ రాజు మహలు కట్టమని డబ్బిస్తాడు. తోమా దాన్ని బీదలకు పంచేస్తాడు. మహలు ఏదని రాజు అడిగితే అది పరలోకంలో ఉందంటాడు. ఈ రాజే కట్టుకథ అని ఒకప్పుడు తోసేసినవాళ్లున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశపు వాయవ్య దిక్కున ఆయన నాణేలే బయటపడ్డాయి. రాజు చరిత్రకు ఎక్కాడు. అంతమాత్రాన మహలు కథ అక్షరాలా జరిగిందని తేలలేదు, తోమా ఆ రాజును కలిశాడనీ తేలలేదు. కథలో సగం చరిత్ర ఉండొచ్చు, ఏ సగమో ముందే చెప్పలేం. ఇక్కడి కాగితం మాత్రం నాణేలను రుజువుగా చూపించి మొత్తం కథకు ముద్ర వేసేసింది. ఆ తొందర తప్పు.

పునీతుల పుస్తకంలో లేని ఒక కథ కోసం చంద్రపూర్ జిల్లావాళ్లు అడగాలి. నవంబర్ 27న పాత రోమా వేదసాక్షుల పట్టికలో బర్లాము, జోసఫాతు అన్న ఇద్దరి పేర్లుండేవి. జోసఫాతు ఒక రాకుమారుడు. లోకదుఃఖం కంటపడకుండా తండ్రి కోటలో పెంచుతాడు. బయటికొచ్చి రోగిని, ముసలివాణ్ని చూసి రాజ్యం వదిలేస్తాడు. డాక్టర్ అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో, 16న చంద్రపూర్‌లో దీక్ష ఇచ్చిన నేల ఇది. ఈ కథ ఎవరిదో ఇక్కడి పిల్లలు కూడా చెప్పేస్తారు. అది బుద్ధుడిదే. బోధిసత్త్వ అన్న మాట అరబ్బీలో బూదాసఫ్ అయింది. ఆ లిపిలో మాట మొదట వచ్చే బ కింద ఒక చుక్క, య కింద రెండు. ఒక చుక్క ఎక్కువ పడి యూదాసఫ్ అయింది, అక్కడి నుంచి గ్రీకు, లతీను దాటి జోసఫాతు అయ్యాడు. అలాంటి క్రైస్తవ రాకుమారుడు లేడు. అయినా ఆ కథ విని వైరాగ్యం పొందిన క్రైస్తవులు శతాబ్దాల పాటు ఉన్నారు. పునీతుల కథలు ఎలా నడుస్తాయో తెలుగులో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు, ఇంతకంటే తగిన ఊరూ లేదు. తర్వాతి ముద్రణలో చేర్చమని దుకాణం ద్వారా ప్రచురించేవాళ్లకు రాయండి.

ఫిలోమినా కార్డు తిప్పి చూడండి. 1802 మే నెలలో రోములో ప్రిసిల్లా భూగర్భ శ్మశానంలో మూడు మట్టిపలకలు మూసిన సమాధి దొరికింది. పలకల మీద వరసగా "లూమెనా", "పాక్స్ తే", "కుమ్ ఫీ" అని ఉంది. మొదటి పలకను చివరికి జరిపి చదివితే, "ఫిలూమెనా, నీకు శాంతి" అని వస్తుంది. లంగరు, బాణాలు, ఖర్జూరపు మట్ట గీసి ఉన్నాయి. మనకు దొరికిన చరిత్ర అంతే. పలకలు వేరే సమాధివి తెచ్చి వాడారని, అందుకే వరస తప్పాయని పురావస్తు పండితుల్లో ఒక వాదం. రాకుమారి, చక్రవర్తి, లంగరు కట్టి నదిలో పారేయడం, ఇదంతా ఆ తర్వాత ముప్పై ఏళ్లకు ఒక మఠకన్య తనకు కలిగిందన్న దర్శనం నుంచి వచ్చింది. 1961లో ఆమె పండుగను పంచాంగాల్లో నుంచి తొలగించమని రోము చెప్పింది. ఆర్స్ విచారణ గురువు పునీత వియాన్నీగారు తన దగ్గర జరిగిన మేళ్లన్నీ ఈమెకే ఆపాదించారన్నదీ అంతే నిజం. మన విచారణల్లో ఫిలోమినా పేరుగల అత్తలు, అక్కలు చాలామంది. వాళ్ల చేతికి ఇచ్చే కార్డులో ఆ మూడు పలకల బొమ్మ ముద్రిస్తే ఎంత బాగుండేది! దాన్ని వదిలేసి దర్శనాన్ని జీవితచరిత్ర అని అచ్చేశారు.

కథ నిజమా కాదా అన్నది ప్రాణాల మీదికి వచ్చే చోటొకటి ఉంది. కథ ఎవరి మీదైనా నేరం మోపినప్పుడు. 1475లో ఇటలీలోని త్రెంతు ఊళ్లో సీమోను అనే పసివాడు చనిపోతే యూదులే చంపారని కథ పుట్టించి, వాళ్లను చిత్రహింసలు పెట్టి, మరణశిక్ష వేశారు. పిల్లవాడు వేదసాక్షిగా పూజలందుకున్నాడు. 1965లో శ్రీసభ ఆ పూజను రద్దు చేసింది. సర్పం లేదని తేలితే ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి కథ అబద్ధమైతే ఆ రక్తం కథ చెప్పినవాళ్ల మీద ఉంటుంది. ఈ దుకాణంలో ఆ కార్డు లేదు, ఉండకూడదు కూడా. కానీ పాత పుస్తకాల కట్టల్లో ఎక్కడైనా కనిపిస్తే అమ్మకం నుంచి తీసేయమని చెప్పండి.

అందరికంటే ఎక్కువ అమ్ముడుపోయే అంతోనివారి సురూపానికి, ఈ వివాదాలేవీ పెద్దగా తగలవు. 1231లో మరణించారు, ఏడాది తిరక్కుండానే 1232లో పునీత పట్టం ఇచ్చారు, తొలి చరిత్రా అప్పుడే రాశారు. చేతిలో బాలయేసు మాత్రం ఆయన పోయాక వందేళ్లు దాటాక వచ్చిన కథ. మన దేశపు పునీతులు అల్ఫోన్సమ్మ, దేవసహాయం పిళ్లై కాగితాలు ఈ దుకాణంలోకెల్లా మేలైనవి. తేదీలు సరిగ్గా ఉన్నాయి. దేవసహాయం మోచెయ్యి తగిలి రాతిలో నీరు ఊరిందన్న చోట "భక్తులు చెప్పుకుంటారు" అని స్పష్టంగా రాశారు. రాయాలనుకుంటే రాయగలరనడానికి ఇదే రుజువు.

కార్మెలు మాత పేరుతో మెడలో వేసుకునే గోధుమరంగు ఉత్తరీయాల దగ్గర జాగ్రత్త. మొదటిది, బట్ట ఉన్నిదై ఉండాలి, రెండు ముక్కలుండాలి. ప్లాస్టిక్ కవరులో సీలు వేసిన పాలిస్టరు ముక్కలే ఎక్కువగా వస్తున్నాయి. వేలితో రుద్దితే తేడా తెలుస్తుంది. రెండోది, ధరించినవాళ్లను మరణించిన తర్వాతి శనివారమే మరియమాత ఉత్తరించుస్థలం (చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి పొందే చోటు) నుంచి విడిపిస్తుందని కాగితంలో 1322 నాటి పోపు శాసనం పేరుతో రాశారు. ఆ శాసనం కల్పితమని పండితులు తేల్చారు. 1613లోనే రోము కార్మెలు సభవాళ్లకు ఒక హద్దు గీసింది. మాత సహాయం చేస్తుందని భక్తితో నమ్మవచ్చు, ఆమె ఉత్తరించుస్థలంలోకి దిగివస్తున్నట్టు బొమ్మలు మాత్రం వేయకూడదు. ఈ కాగితం మీద ఉన్నది సరిగ్గా ఆ బొమ్మే. ఇక యూదా తదేయుగారి పేరుతో, రోజుకు తొమ్మిది కాపీల చొప్పున తొమ్మిది రోజులు గుడిలో పెట్టాలని, లేకపోతే కోరిక తీరదని బెదిరించే చీటీలు కౌంటరు మీదే ఉన్నాయి. వాటిని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఏ నవదిన పుస్తకమైనా కొనేముందు మొదటి పేజీ వెనక చూడండి. లతీను శ్రీసభ చట్టం 826వ నియమం ప్రకారం ప్రార్థన పుస్తకాలకు స్థానిక పీఠాధిపతి అనుమతి ఉండాలి. ఆ వరుస లేని పుస్తకాన్ని పక్కన పెట్టండి. "ముందే మంత్రించినవి" అని ఎక్కువ చెప్పి అమ్మే జపమాలలూ వద్దు. వస్తువును అమ్మితే దానికి జోడించిన దండవిమోచనం (పాపానికి పడే శిక్ష నుంచి శ్రీసభ ఇచ్చే మినహాయింపు) పోతుంది. కొన్నాక మీ ఫాదర్‌గారి దగ్గర ఆశీర్వదింపజేసుకోండి. పూసలు లెక్కపెట్టండి, మొత్తం 59 ఉండాలి. చీకట్లో మెరిసే ప్లాస్టిక్ రకంలో పదికి తొమ్మిదే ఉన్న దండలు వస్తున్నాయి. తీగ జపమాలలో కొక్కేల నోళ్లు పూర్తిగా మూసుకున్నాయా చూడండి, తెరిచి ఉన్నచోటే తెగుతుంది. చిన్న ప్లయరుతో నొక్కుకుంటే చాలు.

సామగ్రి విషయానికొస్తే, ఇంట్లో ఉంచడానికి ప్లాస్టర్ చాలు, బయటి గుహలకు ఫైబరే. ప్లాస్టర్ తేమను కిందినుంచి పీల్చుకుంటుంది. వానాకాలంలో పాదాల దగ్గర రంగు బొబ్బలెక్కి రాలేది అందుకే. కొన్న రోజే అడుగుభాగానికి రెండు పూతలు వార్నిష్ వేసి, గోడకు రెండు అంగుళాల దూరంలో చెక్కపలక మీద పెట్టండి. మణికట్టు, మెడ దగ్గర సన్నని పగులు కనిపిస్తే లోపలి ఇనుపతీగ తుప్పుపట్టి ఉబ్బుతున్నట్టే, ఆ బొమ్మ తీసుకోవద్దు. బొగ్గుధూళిని తడిగుడ్డతో తుడిస్తే మసి రంగులోకి ఎక్కుతుంది. అంగుళం మెత్తని పెయింటింగ్ బ్రష్షుతో పైనుంచి కిందికి పొడిగా దులపండి. ఫైబర్ బొమ్మ ఎండకు వెలిసి సున్నంలా పొడి రాలుతుంది కనుక పైన కప్పు వేయించండి. కొవ్వొత్తి మూరెడు దూరంలో ఉండాలి.

డిసెంబర్ 4కు బార్బరా సురూపం కావాలంటే దీపావళికి ముందే ఆర్డరు ఇవ్వండి. క్రిస్మస్ పశువులపాక బొమ్మలు మొదలయ్యాక రంగులవాళ్లకు తీరిక ఉండదు. ఇచ్చేటప్పుడు మూడో కిటికీ అడగండి. అచ్చు మార్చలేరు, కానీ రంగు వేసే ముందు పుట్టీ మీద చిన్న ఉలితో గాడి తీసి, నల్లరంగు నింపిస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి.